బర్రెగుండంలో జేసీబీ

మా ఊరి చెరువులో, తూముకు ఎదురుగా వంద గజాల దూరంలో, మా తాత కట్టిన ఇంటి తాటి దూలం ఒకటి భూమిలో ఉంది. మోకాలి లోతున, అడ్డంగా పాతిపెట్టి ఉంది. దాని మీద ఒండ్రు, ఒండ్రు మీద నీళ్లు. అది అక్కడికి ఎలా చేరిందో కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో ఇంకా చాలామందే ఉన్నారు. కానీ ఆ రాత్రిని నడిపించిన ఇద్దరిలో ఒకడైన మా నీరటి తాత, అంటే చెరువు నీళ్లు పంచే తాత, కిందటి ఏడు కాలం చేశాడు. ఆయన దినాలకు ఊరు వెళ్లి కట్ట మీద నిలబడ్డప్పుడు, ఇక ఆలస్యం చేయకుండా రాసి పెట్టాలనిపించింది.

2015 వేసవి అది. మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ, అంటే తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడిక తీయించిన పథకం, మొదలైంది. రాష్ట్రమంతటా లెక్కకు వచ్చిన చెరువులూ కుంటలూ 46,531. పాత వరంగల్ జిల్లాలో పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల నాటి మహా చెరువులున్నాయి. వాటి ముందు మాది పిల్ల చెరువు. అయినా మొదటి విడతలోనే దాని పేరు వచ్చింది. నేను డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన వారానికి జేసీబీ ఊళ్లోకి వచ్చింది. తవ్వి ట్రాలీల్లో పోసే ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఎవరికి ఎన్ని ట్రిప్పులు వెళ్లాయో రాయడానికి చదువుకున్న పిల్లవాడు కావాలని పెద్దలు నన్ను కూర్చోబెట్టారు. ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు, కట్ట మీది వేపచెట్టు నీడ. నా జీవితంలో మొదటి ఉద్యోగం అదే.

పూడిక మట్టి విలువ నాకు అంతకుముందు తెలియదు. మాకు ఉన్నది ఎర్ర చెలక. వాన పడితే గంటలో ఇంకిపోతుంది, రెండు రోజులు ఎండ కాస్తే పైరు తల వాలుస్తుంది. ఆ నేల మీద చెరువు మట్టి పరిస్తే తేమ నిలుస్తుంది, ఎరువు కూడా తక్కువ పడుతుంది. ఏళ్ల తరబడి పై పొలాల నుంచి కొట్టుకొచ్చిన సారమంతా ఆ చెరువు అడుగున పేరుకుని ఉంది. నాన్న మా రెండెకరాలకు నలభై ట్రిప్పులు తోలించాడు. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆయన చేతుల నుంచి ఒండ్రు వాసన వచ్చేది. చేపల వాసన, కుళ్లిన తామరాకు వాసన, తొలకరి వాసన కలిసినట్టుండే ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నేను మా వేపచెట్టు కిందికి వెళ్లిపోతాను.

జేసీబీ నడిపే అన్నది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, ఎప్పుడూ మెడలో ఎర్ర తువ్వాలతో ఉండేవాడు. పాలమూరు మనుషులకూ మట్టిపనికీ ఉన్న బంధం మన దగ్గర అందరికీ తెలిసిందే. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. అన్న వాళ్ల నాన్న కుర్రతనంలో నాగార్జునసాగర్ పనిలో తట్ట మోశాడు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్టను రాయి మీద రాయి పేర్చి మనుషులే లేపారు. "మా నాన్న తట్టతో మోసిన మట్టిని నేను బకెట్‌తో మోస్తున్నాను, అంతే తమ్ముడూ" అనేవాడు అన్న. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖంలో ఒక నిండుదనం కనిపించేది.

పొద్దున బండి తీసే ముందు ఆయన చేసే పని ఒకటి ఉండేది. చెప్పులు విప్పి, ఆ రోజు తవ్వాల్సిన చోటంతా ఒకసారి నడిచేవాడు. మడమతో గట్టిగా అదిమి చూసేవాడు. అక్కడక్కడ గడ్డపారతో జానెడు లోతు పొడిచి, అడుగు నుంచి చిటికెడు మట్టి తీసి రెండు అరచేతుల మధ్య పురిలా పేనేవాడు. పేనుతుండగానే పొడిపొడిగా రాలిపోతే ఆ చోట బండి పోవచ్చు. సన్నటి తాడులా సాగి, వేలికి చుట్టినా తెగకపోతే పోకూడదు. నా చేతిలోనూ మట్టి పెట్టి పేనించాడు. రెండు వారాల తర్వాత నేను కూడా ఆ తేడా చెప్పగలిగాను. ఇప్పుడు చేసే పనికి దానితో సంబంధం లేదు గానీ, ఎక్కడైనా చెరువు కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

బండి సంగతి రెండు మాటలు చెప్పాలి. మా ఊళ్లో పసుపు రంగు పెద్ద బండి ఏదైనా జేసీబీయే. ఆ పేరు ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలని అన్న చెబితేనే నాకు తెలిసింది. ముందు వెడల్పాటి బకెట్, వెనుక మోచేయిలా మడిచే చెయ్యి, దాని చివర గోళ్ల బకెట్, తవ్వేటప్పుడు బండి కదలకుండా ఇరువైపులా నేలకు ఆనించే రెండు జాక్‌లు. బరువు ఏడున్నర టన్నుల దాకా ఉంటుంది, అందులో ఎక్కువ వెనుక చక్రాల మీదే పడుతుంది. ఆ చక్రం నా ఛాతీ ఎత్తు ఉండేది. పొక్లెయిన్, అంటే మా వైపు చైను బండి అనేది, దీనికి రెండు మూడింతల బరువున్నా పట్టాల మీద నడుస్తుంది కాబట్టి ఆ బరువు నేల మీద పరుచుకుంటుంది. జేసీబీ బరువంతా నాలుగు చోట్లే దిగుతుంది. అయితే ఇది రోడ్డు మీద తనంతట తాను నడిచి వస్తుంది, చైను బండిని లారీ మీద ఎక్కించి తేవాలి. అందుకే చిన్న చెరువులకు జేసీబీలే వచ్చాయి.

మొదటి రోజే నీరటి తాత కట్ట దిగి వచ్చి అన్నకు చెరువంతా చూపించాడు. నలభై ఏళ్లకు పైగా ఆ తూము తెరిచిందీ మూసిందీ ఆయనే. ఎవరి మడికి ఎన్ని గంటల నీళ్లో, ఏ కాలువ గట్టు ఎక్కడ బలహీనమో ఆయన తలలో ఉండేది. తూము ఎదురుగా నల్లగా, నున్నగా కనిపించే చోటును కర్రతో చూపించి "ఇది బర్రెగుండం. ఎండాకాలంలో బర్రెలన్నీ ఇక్కడే పడుకుంటాయి. పైన ఎండినట్టు కనబడుతుంది, నమ్మొద్దు" అన్నాడు. అన్న తలూపి ఆ చోటు చుట్టూ నాలుగు ఈత కొమ్మలు పాతాడు. రెండు వారాలు అటువైపు పోలేదు.

మే నెల మూడో వారంలో ఒక రాత్రి అకాల వాన కురిసింది. పెద్ద వానేం కాదు, గంటసేపు. గాలికి ఈత కొమ్మలు కొట్టుకుపోయాయి. తర్వాత మూడు రోజులు నిప్పులాంటి ఎండ కాసింది. చెరువు అడుగంతా ఒకే రంగులోకి వచ్చి, ఒకేలా నెర్రెలు విచ్చింది. నాలుగో రోజు నీరటి తాత మనవరాలి పెళ్లిపనుల మీద పక్క ఊరు వెళ్లాడు. ఆ మధ్యాహ్నం అన్న మట్టి పోసుకుని వెళ్లే ట్రాలీలకు దారి సాపు చేస్తూ బండిని తూము వైపు తిప్పాడు. పొద్దున ఆ దారి నడిచి చూశాడు కూడా. పెచ్చు గట్టిగానే ఉంది.

నేను చూస్తూనే ఉన్నాను. బండి నడుస్తూ నడుస్తూ ఎడమవైపుకు ఒరిగింది. మెల్లగా, అలసిన ఎద్దు మోకాలి మీదికి వంగినట్టు. ఎడమ వెనుక చక్రం కింద పెచ్చు పగిలి నల్లటి నీళ్లు పైకి చిమ్మాయి. అన్న ఒక్కసారి, ఒకే ఒక్కసారి గేరు మార్చి చూశాడు. చక్రం తిరిగింది, బండి కదల్లేదు. వెంటనే ఇంజన్ ఆపేశాడు.

ఆ ఆపడం గొప్పతనం నాకు అప్పుడు అర్థం కాలేదు. కట్ట మీది జనమంతా "రేస్ ఇవ్వు, రేస్ ఇవ్వు" అని అరుస్తున్నారు. దిగబడ్డ చక్రాన్ని తిప్పినకొద్దీ అది కింది మట్టిని చిలికి జావ చేస్తుందని, ఒక్క నిమిషం మొండికేస్తే మూరెడు దిగాల్సిన బండి ఇరుసు దాకా దిగుతుందని తర్వాత చెప్పాడు. అప్పటికే కుడి చక్రం కూడా సగం లోపలికి పోయింది. బండి పొట్ట బురదకు ఆనింది. అన్న దిగాడు. మోకాళ్ల దాకా దిగబడుతూ నడిచి వచ్చి కట్ట మీద కూర్చుని, తువ్వాలతో ముఖం తుడుచుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా బండి వైపే చూశాడు.

సాయంత్రం నాలుగయింది. పడమట మబ్బు కడుతోంది.

ఊళ్లో ట్రాక్టర్లు చాలా ఉన్నాయి, లాగుతామని ముందుకొచ్చినవాళ్లూ చాలామందే. అన్న ఒప్పుకోలేదు. కదలని బరువును ట్రాక్టరుతో లాగితే దాని ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, అది వెనక్కి తిరగబడుతుంది, డ్రైవరు దాని కింద పడతాడు. అలా పోయినవాళ్లను ఆయన ఎరుగును. పక్క ఊరి చెరువులో పని చేస్తున్న మరో జేసీబీ వస్తే మాత్రం గట్టి నేల మీద నిలబెట్టి, ఇనుప తాడుతో ఒకసారి ప్రయత్నిద్దామన్నాడు. అది వచ్చేసరికి చీకటి పడింది. తాడు కట్టాక ఆయన చేసిన మొదటి పని మమ్మల్నందరినీ దూరంగా పంపడం. తాడు ఎంత పొడవో అంతకు రెండింతల అవతలికి పొమ్మన్నాడు. పిల్లల్ని కట్ట మీదికి ఎక్కించాడు. నాలుగు గోనెసంచులు నీళ్లలో తడిపి తాడు మీద అక్కడక్కడ వేశాడు. ఎందుకని అడిగితే "తెగితే పాములా లేవకుండా" అన్నాడు.

తెగింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తడి సంచుల బరువుకు తాడు గాల్లోకి లేవకుండా నేలబారుగా కొట్టుకుని బురదలో బారెడు పొడవున చార గీసింది. అంతకుముందు మేము నిలబడ్డ చోటు అది. మా చిన్నాన్న నా భుజం పట్టుకుని ఉన్నాడు, ఆయన చెయ్యి వణకడం నాకు తెలుస్తూనే ఉంది. ఆ జేసీబీని అన్న దండం పెట్టి పంపేశాడు. "ఇక లాగుడు లేదు. ఇది తనంతట తాను లేవాల్సిందే" అన్నాడు.

చైను బండి దొరకాలంటే జిల్లా కేంద్రం నుంచి రావాలి, అదీ మర్నాటి సాయంత్రానికి. ఈలోగా వాన పడితే పై కాలువ నీళ్లన్నీ ఆ గుండంలోకే వస్తాయి. ఇంజన్‌లోకి నీళ్లు పోతే ఆ బండి యజమాని బతుకు, దానితో పాటు అన్న బతుకు ఏమవుతాయో అందరికీ తెలుసు. ఎవరూ పిలవకుండానే పారలు వచ్చాయి. పొద్దున ఉపాధి పనికి వెళ్లి అలసిపోయి వచ్చిన ఆడవాళ్లు తట్టలు పట్టుకుని దిగారు. మూడు ట్రాక్టర్లు గట్టి నేల మీద నిలిపి లైట్లు వేశారు.

మొదట చక్రాల చుట్టూ, పొట్ట కింద బురద తీయడం మొదలుపెట్టాం. "బురద పట్టుకోదు తమ్ముడూ, పీల్చుకుంటుంది. గాలి పోయే సందు ఇస్తేనే వదులుతుంది" అని అన్న తానే బోర్లా పడుకుని ఇరుసు కింద చేతులతో తవ్వాడు. తీసినకొద్దీ పక్క నుంచి కొత్త బురద జారి వచ్చేది. టైరు గుబ్బల మధ్య ఇరుక్కున్న మట్టిని నేను వేళ్లతో లాగుతుంటే అది వెన్నలా చల్లగా, బరువుగా ఉంది. అందులో నత్తగుల్లలు, కుండపెంకు ముక్కలు, ఎప్పటిదో ఒక గాజు ముక్క దొరికాయి. గంటన్నర తవ్వాం. గుంత పెద్దదవుతోంది, బండి ఇంకాస్త కిందికే పోతోంది.

అప్పుడు వచ్చాడు నీరటి తాత. కబురు అందగానే ఎవరిదో బండి వెనుక కూర్చుని పెళ్లింటి నుంచి వచ్చేశాడు. ఒంటి మీద కొత్త ధోవతి. కట్ట దిగి, ధోవతి ఎగగట్టి, నేరుగా గుంత దగ్గరికి వచ్చాడు. అన్న లేచి నిలబడి "తప్పు నాదే పెద్దయ్యా. పైన చూశాను, కింద చూడలేదు" అన్నాడు. తాత ఆ మాటకు జవాబివ్వలేదు. అప్పుడే ఇరుసు కింద తట్ట పెట్టిన ఒకావిడ కేక వేసింది. ఆమె చేతుల్లో ఏదో కొట్టుకుంటోంది. పామనుకుని అందరం వెనక్కి తగ్గాం. అది కొర్రమట్ట. మూరెడు పొడవు, ఒళ్లంతా జిగురు, నోరు తెరుస్తూ మూస్తూ ప్రాణంతో ఉంది. చెరువు ఎండి రెండు నెలలు దాటింది.

ట్రాక్టరు లైటు వెలుగులో ఆ చేప ఒళ్లు నల్లరాయిలా మెరిసింది. తాత దాన్ని రెండు చేతులా అందుకుని కాసేపు చూసి, పక్కనున్న నీళ్ల బకెట్‌లో వేశాడు. అప్పుడు అన్నతో అన్నాడు. "ఇది ఇక్కడ బతికి ఉందంటే కింద ఊట ఉన్నట్టే నాయనా. ఎంత తవ్వినా గట్టి నేల తగలదు. తవ్వడం ఆపు. నింపు."

అన్న కళ్లు ఒక్కసారిగా వెలిగాయి. ఆ క్షణం నేను చూశాను. నేలను ఎరిగినవాడు ఒక మాట అంటే, యంత్రాన్ని ఎరిగినవాడికి దారంతా కనబడింది. ఇద్దరూ పక్కపక్కన గొంతుకూర్చున్నారు, అన్న బురదలో వేలితో గీతలు గీస్తూ వివరిస్తుంటే తాత చెరువు వాటం చెబుతున్నాడు. ముందుకు పోవద్దు, తూము వైపు ఇంకా లోతు. వచ్చిన దారినే వెనక్కి పోవాలి, ఆ నేల ఒకసారి బండిని మోసింది. గుంతను నింపి గట్టి చేసి చక్రాలను దాని మీద నిలబెట్టాలి. జాక్‌లు మునగకుండా కింద దూలాలు వేయాలి. వెనుక చెయ్యి పట్టుకుని లాగడానికి దూరంగా ఒక ఆధారం కావాలి.

"దూలాలు ఎక్కడ దొరుకుతాయి?" అని అన్న అడిగినప్పుడు చిన్నాన్న నా ముఖం చూశాడు.

అంతకు ముందు ఏడే మా పెంకుటిల్లు విప్పాం. మా తాత తన చేతులతో నిలబెట్టిన ఇల్లు. దాని తాటి దూలాలు ఎనిమిది కొట్టంలో పేర్చి ఉన్నాయి. చేవదేలి, పొగకు నల్లబడి, ఇనుములా ఉండేవి. అమ్మ వాటిని ఎవరు అడిగినా ఇవ్వలేదు. నేను బురద కాళ్లతో వెళ్లి అడిగాను. లాంతరు పట్టుకుని కొట్టంలోకి వచ్చింది, ఒక దూలం మీద చెయ్యి వేసింది. "తిరిగి తెస్తారా?" అని ఒక్కమాట అడిగింది. తెస్తామన్నాను.

ఎనిమిది దూలాలూ ట్రాలీలో వచ్చాయి. వాటితో పాటు ఊరి దొడ్లలోని కందికట్టె మోపులన్నీ వచ్చాయి. కాంట్రాక్టరు మనిషి దగ్గర్లో ఉన్న సర్కారు తుమ్మ కొట్టి వేద్దామంటే అన్న వద్దన్నాడు, ఆ ముల్లు టైరులో దిగితే ఉన్న కష్టానికి ఇంకొకటి తోడవుతుంది. కందికట్టె మంచిది. ముల్లు ఉండదు, మోపు కడితే ఒకదానిలో ఒకటి పెనవేసుకుని చాపలా ఆగుతుంది. గుట్ట దగ్గర పోసి ఉన్న మొరం నాలుగు ట్రాలీలు తెచ్చారు.

తర్వాత జరిగింది చెప్పడానికి తేలిక. ఎడమ జాక్ కింద రెండు దూలాలు, కుడి జాక్ కింద రెండు, పక్కపక్కన అడ్డంగా పరిచాం. అన్న సీటెక్కి ఇంజన్ వేశాడు. ముందు బకెట్‌ను బోర్లించి నేలకు అదిమాడు, ముందు భాగం కొంచెం లేచింది. తర్వాత జాక్‌లు దించాడు. దూలాలు కిర్రుమంటూ బురదలోకి దిగాయి. అవి దిగుతున్నాయి, బండి లేవడం లేదు. ఎవరమూ ఊపిరి తీయలేదు. జానెడు దిగి ఆగాయి. అప్పుడు పొట్ట కింద నుంచి పెద్ద ముద్దు పెట్టినట్టు చప్పుడు వచ్చింది, బురద వదిలింది. ఏడున్నర టన్నుల ఇనుము అంగుళం అంగుళంగా పైకి లేచింది. చక్రాల నుంచి నల్లటి ముద్దలు జారి పడుతుంటే ఆడవాళ్లు కందికట్టె మోపులు అందిస్తున్నారు, మగవాళ్లు చక్రాల కింద కుక్కుతున్నారు. జాక్‌ల మీద లేచిన బండి కిందికి ఎవరి తలా, ఎవరి ఒళ్లూ పోకూడదని, కర్రలతోనే నెట్టాలని అన్న పదేపదే అరిచి చెప్పాడు. కట్టె మీద మొరం, మొరం మీద మళ్లీ కట్టె, మళ్లీ మొరం. జాక్‌లు ఎత్తగానే చక్రాలు ఆ పరుపు మీద కూర్చున్నాయి. కూర్చుని అక్కడే నిలబడ్డాయి.

ఇక వెనక్కి లాగాలి. వెనుక చెయ్యి చాచి గోళ్లు నేలలో దించి లాగితే బండి దాని వైపు రావాలి. కానీ నేల మెత్తన, గోళ్లు బురదను దోసుకుని వస్తున్నాయి తప్ప బండి కదలలేదు. బండికి పదిహేను అడుగుల వెనుక మోకాలి లోతు కాలువ తీయించి, ఒక దూలాన్ని అందులో అడ్డంగా పెట్టించి, మొరం పోసి తొక్కించాడు అన్న. బకెట్ గోళ్లు దాని అవతలి అంచుకు తగిలించాడు. సీటు వెనక్కి తిప్పుకుని కూర్చుంటే గేరూ బ్రేకూ వీపు వెనక్కి పోతాయి, రెండు పనులూ ఒకేసారి చేయలేడు. అందుకని గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదిలి, ఆ ఒక్క చేతి బలంతోనే బండిని లాక్కోవాలి. ఆయన లీవర్ పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. రెండు వేళ్లతో, పాలు తాగే దూడ తల నిమిరినట్టు. చెయ్యి మెల్లగా ముడుచుకుంది. దూలం ఆగింది. బండి రెండడుగులు వెనక్కి వచ్చింది.

కట్ట మీద పిల్లలు కేకలు వేశారు. అన్న తల తిప్పలేదు.

మళ్లీ జాక్‌ల కింది దూలాలు ఊడబెరికి, కొత్త చోట పరచాలి. ఇదే అన్నిటికంటే కష్టమైన పని. బురద మింగిన దూలానికి మోకు కట్టి పదిమంది లాగితే గాని రాలేదు. మళ్లీ లేపడం, నింపడం, దించడం, లాక్కోవడం. అలా అయిదుసార్లు. మధ్యలో రాత్రి రెండు గంటలప్పుడు చినుకులు మొదలయ్యాయి. ఎవరూ ఒక్కమాట మాట్లాడలేదు, పారల చప్పుడు మాత్రం పెరిగింది. పది నిమిషాలు రాలి ఆగిపోయింది. తాత గుంత గట్టు మీద కూర్చుని, ఎటు నుంచి నీరు ఊరుతుందో చూసి చిన్న కాలువ గీసి పక్కకు మళ్లించాడు. ఆయన కొత్త ధోవతి రంగు ఎవరికీ తెలియకుండా పోయింది. అమ్మ, ఇంకో నలుగురు కలిసి అర్ధరాత్రి టీ కాచి బిందెతో తెచ్చారు. బురద చేతులతో గ్లాసు పట్టుకోలేక అన్న తలెత్తితే అమ్మే ఆయన నోట్లో పోసింది.

తూర్పు తెల్లబడే వేళకు వెనుక చక్రాలు గట్టి నేల ఎక్కాయి. అన్న సీటు ముందుకు తిప్పి, రివర్స్ గేరు వేసి, ఆగకుండా వేపచెట్టు దాకా తీసుకొచ్చి నిలిపాడు. దిగాక చక్రానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని దగ్గరికి వెళ్లాకే తెలిసింది. తాత ఆయన వీపు మీద చెయ్యి వేసి, అన్నం తినమని ఇంటికి తీసుకుపోయాడు.

కొర్రమట్టను కూర వండుకుందామని ఎవరో అన్నారు. ఆ తట్ట పట్టినావిడ ఒప్పుకోలేదు. తూము అవతల గుంతలో నీళ్లు మిగిలి ఉంటే, అందులో తానే వదిలి వచ్చింది.

ఏడు దూలాలు ఇంటికి చేరాయి. మొరం పోసి తొక్కిన ఎనిమిదోదాన్ని తవ్వి తీస్తే మళ్లీ అక్కడ గుంత పడుతుందని, పశువులు దిగబడతాయని తాత వద్దన్నాడు. కొట్టంలో పేరుస్తుంటే అమ్మ లెక్కపెట్టుకుంది. నేను చెప్పేలోపే "ఒకటి తక్కువ" అంది. సంగతి విని కాసేపు ఊరుకుంది. ఆ దూలాల తాటిచెట్లు చెరువు కట్ట మీదివే. మా తాత కొట్టించి తెచ్చాడు. "చెరువుదే కదా, చెరువుకు పోయింది" అని కొట్టం తలుపు వేసింది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తేదీ పేజీలో ట్రిప్పుల గడిలో సున్నా, దాని పక్కన ఎండిపోయిన నా బొటనవేలి బురద ముద్ర ఉన్నాయి.

ఆ ఏడు వానాకాలం మోసం చేసింది. చెరువులోకి మోకాలి లోతు నీళ్లు కూడా రాలేదు, తవ్వి ఏం లాభమన్న మాటలు వినలేకపోయాను. 2016 సెప్టెంబరు ఆఖరులో కురిసిన వానలకు చెరువు నిండి మత్తడి దూకింది. నేను పుట్టాక అలా దూకడం చూడటం అదే మూడోసారి. మత్తడి దగ్గర నిలబడి అన్నకు ఫోను చేశాను. అప్పుడు ఆయన ఇంకో జిల్లాలో కాలువ పని మీద ఉన్నాడు. మాట వినబడటం లేదంటే ఫోను నీళ్ల వైపు తిప్పి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. మళ్లీ చెవికి పెట్టుకునేసరికి ఆయన అడుగుతున్నాడు, "బర్రెగుండం మునిగిపోయి ఉంటుంది కదా తమ్ముడూ. మరి బర్రెలు ఎక్కడ పడుకుంటున్నాయి?"

ఆ ప్రశ్న నీరటి తాతకు చెప్పాను. ఆయన పొంగిపోయాడు. "పాలమూరోడు అడగాల్సిందే అడిగాడు" అన్నాడు. వచ్చే ఎండాకాలం నీళ్లు తగ్గాక రమ్మన్నాడు. 2017 ఏప్రిల్‌లో వెళ్లాను. పొద్దున్నే నన్ను కట్ట మీదికి తీసుకెళ్లి, బర్రెలు పడుకునే కొత్త చోటును కర్రతో చూపించి, రెండుసార్లు నా చేత చెప్పించుకున్నాడు. చెరువులో దిగే పని ఉన్నవాళ్లు ఎవరైనా చదివితే వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. తూము నుంచి ఎడమకు, జంట ఈతచెట్లకు సూటిగా, కట్ట అడుగు నుంచి అరవై అడుగుల లోపల. పైన ఎండినట్టు కనబడుతుంది.